దమ్ము చివరి అక్షరం దాకా



నటన నేర్పడం, గొంతు నేర్పడం గురించి మాట్లాడమని పిలిచారు. ఈ సంగతి అమృతలూరులో మాట్లాడటం నాకు గౌరవం. పక్కనే వేమూరు. 1933లో సి. పుల్లయ్యగారు తీసిన ‘సావిత్రి’లో యముడు వేసిన వేమూరి గగ్గయ్యగారిది ఆ ఊరే. మోరంపూడి నుంచి జగ్గయ్యగారు, రావికంపాడు నుంచి గుమ్మడిగారు, బాపట్ల నుంచి స్థానం నరసింహారావుగారు వచ్చారు. 1929లో ఆంధ్ర నాటక కళాపరిషత్తు పుట్టింది తెనాలిలోనే. ఈ నటుల పేర్లు ప్రతి సభలోనూ చదువుతాం, చప్పట్లు కొడతాం, అక్కడితో ఆపేస్తాం. వీళ్ళకి ఎవరు నేర్పారు, ఎట్లా నేర్పారు అని మాత్రం అడగం. ఇవాళ అదే అడుగుదాం.

1920లో బాపట్లలో హరిశ్చంద్ర నాటకం. చంద్రమతి వేషం వేయాల్సిన మనిషి రాలేదు. పద్దెనిమిదేళ్ళు నిండీ నిండని నరసింహారావుగారు ఆ వేషం కట్టారు. ఆ తర్వాత తెనాలి శ్రీరామ విలాస సభలో చేరారు. అక్కణ్ణించి సత్యభామ, చిత్రాంగి, మధురవాణి వేషాలు. 1956లో పద్మశ్రీ. ప్రతిభ అంటాం, ఒప్పుకుంటాను. కానీ అప్పటికప్పుడు ఒక కుర్రాడు చంద్రమతిగా రంగం మీదికి రావాలంటే, ఆ పద్యాలూ ఆ నడకా అంతకుముందే చెవుల్లో, కళ్ళలో ఉండి తీరాలి. ఊళ్ళో నాటకం ఆడుతూ ఉంటేనే, అది చూస్తూ పిల్లలు పెరుగుతూ ఉంటేనే అది సాధ్యం.

ఆనాటి నాటక సమాజమే బడి. అందులో పెద్ద నటుడు ఉండేవాడు, హార్మోనిస్టు ఉండేవాడు, పద్యం విరిచి అర్థం చెప్పే పండితుడు ఉండేవాడు, రంగు పూసేవాడు, తెర లాగేవాడు, హరిశ్చంద్రలో లోహితాస్యుడి వేషానికి ఎనిమిదేళ్ళ పిల్లవాడు. గోవిందరాజుల సుబ్బారావుగారు తెనాలిలో వైద్యం చేసుకుంటూనే నాటకాలు ఆడారు. ఆయనే తర్వాత 1955 ‘కన్యాశుల్కం’ సినిమాలో లుబ్ధావధాన్లు. వేరే వేరే వయసులవాళ్ళు, వేరే వేరే పనులు చేసుకునేవాళ్ళు రాత్రి పూట ఒకే చావిట్లో కూర్చుని నేర్చుకున్నారు. సురభి నాటక కుటుంబాల సంగతి ఇంకా గట్టిది. 1885లో కడప జిల్లా సురభి గ్రామంలో కీచకవధతో మొదలైన ఆ కుటుంబాల్లో పిల్లలకి నాటకం ఇల్లే. బాలకృష్ణుడు వేసిన పిల్లవాడు పెరిగి కృష్ణుడు వేస్తాడు, ఆ తర్వాత ఇంకో బాలకృష్ణుడికి నేర్పుతాడు.

మనం ఆ బడిని పోగొట్టుకున్నాం. నాటకం పోలేదు. పరిషత్తులు ఉన్నాయి, పోటీలు ఉన్నాయి, 1998 నుంచి నంది నాటకోత్సవాలు జరిగాయి. వాటిలో బాలల నాటికలకీ కళాశాల నాటికలకీ వేరే విభాగాలు పెట్టారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో, హైదరాబాదు కేంద్రీయ విశ్వవిద్యాలయంలో, తెలుగు విశ్వవిద్యాలయంలో రంగస్థల కళల చదువు ఉంది. అయితే పోటీ అనేది నేర్చుకున్నవాణ్ణి కొలుస్తుంది గానీ నేర్పదు. విశ్వవిద్యాలయం డిగ్రీ కావాలన్న ఇరవై ఏళ్ళ వాళ్ళకి. తూములూరులో తొమ్మిదేళ్ళ పిల్లకీ, గోవాడలో అరవై ఏళ్ళ రైతుకీ నేర్పే చోటు ఏది?

నేర్పాలంటే ఎక్కడ మొదలుపెట్టాలో చెబుతాను. దమ్ము దగ్గర. మన నటులు ఊపిరిని దమ్ము అనే అంటారు. తెలుగు నటుడికి దమ్ముతో ఉన్న అవసరం ప్రత్యేకమైంది. మన వాక్యంలో క్రియ చివర ఉంటుంది. ఎవరు చేశారో, చేశారో లేదో, చేస్తారో చేయరో, అన్నీ ఆ చివరి నాలుగు అక్షరాల్లోనే తేలతాయి. ఒక వాక్యం తీసుకోండి. ‘రేపు పొద్దున్నే మీ నాన్నని వెంటబెట్టుకుని మా ఇంటికి…’ ఇక్కడిదాకా మీకేం తెలిసింది? ఏమీ తెలియదు. ‘రా’ అంటే పిలుపు. ‘రావద్దు’ అంటే గుమ్మం మూసేసినట్టు. ‘వస్తానన్నావుగా’ అంటే నిలదీయడం. ‘వస్తే ఊరుకోను’ అంటే బెదిరింపు. నటుడు వాక్యం మొదట్లో ఊపిరంతా ఖర్చుపెట్టేసి చివరికొచ్చేసరికి గొంతు దించేస్తే, వెనక వరుసలో కూర్చున్న ముసలాయనకి నాన్న వినబడతాడు, ఇల్లు వినబడుతుంది, కథ వినబడదు. నాటకం అర్థం కాలేదని ఇంటికెళ్ళి అంటాడు. తప్పు ఆయన చెవులది కాదు.

అందుకని నా తరగతిలో మొదటి పాఠం నటన కాదు. పొట్ట మీద చెయ్యి వేసుకుని, భుజాలు లేపకుండా గాలి పీల్చడం. పీల్చిన గాలిని ‘స్‌స్‌స్’ అంటూ సన్నగా, ఒకే తీరున వదలడం. మొదటి రోజు చాలామందికి పది సెకన్లు కూడా నిలవదు. ఛాతీ ఎగరేసి పీలిస్తే పైపైన నిండిన గాలి ఒక్కసారిగా పోతుంది. కింది పక్కటెముకలు పక్కలకి తెరుచుకోవాలి. అది వచ్చాక వాక్యాలు. వాక్యం చివరి అక్షరం అయ్యేదాకా పొట్ట మీద చెయ్యి తీయనివ్వను.

పద్యం దీనికి మంచి కసరత్తు. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, శార్దూలానికి 19, చంపకమాలకి 21. అర్థం చాలాసార్లు పాదం చివర ఆగదు, రెండో పాదంలోకి దూకుతుంది. ఊపిరి ఎక్కడ తీసుకోవాలి? అర్థం విరిగిన చోట. ఆ చోటు తెలియాలంటే పద్యం అర్థం కావాలి. దమ్ము నేర్పబోతే సాహిత్యం దానంతటదే వచ్చి కూర్చుంటుంది. ఈ పని వదిలేసి రాగం వెంట పడ్డవాళ్ళ వల్ల మన పద్యనాటకం చాలా నష్టపోయింది. కంట్రాక్టు నాటకాల రోజుల్లో ఒకే నాటకంలో ఒకటో కృష్ణుడు, రెండో కృష్ణుడు, మూడో కృష్ణుడు. వన్స్ మోర్ అనగానే అదే పద్యం మళ్ళీ. రాయబారం మధ్యలో కృష్ణుడు పాటకచేరీ చేస్తుంటే ఎదురుగా దుర్యోధనుడు ఏం చేయాలి? నటుడు బళ్ళారి రాఘవగారు ఈ పోకడకి ఎదురు నిలిచారు. రాగం కంటే పాత్ర మనసు ముఖ్యమని ఆడి చూపించారు. నేను ఆయన పక్షమే. కానీ రాగం ఎక్కువైందని పద్యాన్నే తీసేయడం నాకు సమ్మతం కాదు.

మైకు గురించి కూడా చెప్పాలి. మైకు లేని రోజుల్లో మైదానంలో చివరివాడికి వినబడాలి కాబట్టి గొంతు సాధన చేశారు. సాధన తెలియనివాళ్ళు అరిచి గొంతులు పోగొట్టుకున్నారు కూడా. మైకు వచ్చి ఆ బాధ తప్పించింది, సాధననీ తప్పించింది. ఇప్పుడు నటులు పాత్రని చూడటం మానేసి మైకు ఎక్కడ వేలాడుతోందో చూస్తున్నారు.

భరతుడి నాట్యశాస్త్రంలో గొంతుకి మూడు స్థానాలు చెప్పారు: ఉరస్సు, కంఠం, శిరస్సు. పక్కనున్నవాడితో ఉరస్సు నుంచి, కాస్త దూరంలో ఉన్నవాడితో కంఠం నుంచి, బాగా దూరాన ఉన్నవాణ్ణి శిరస్సు నుంచి పలకరించమన్నారు. ఎన్ని వందల ఏళ్ళ నాటి మాట! దీన్ని పిల్లలకి నేర్పడానికి పుస్తకం అక్కర్లేదు. కాలవ గట్టు మీదికి తీసుకెళ్ళండి. పక్కన నిలబడ్డ స్నేహితుడికి ఒక రహస్యం చెప్పమనండి. పది అడుగుల దూరం పంపి అదే మాట చెప్పమనండి. తర్వాత కాలవ అవతలి గట్టుకి పంపి పిలవమనండి. మాట మారే ముందు కళ్ళు మారతాయి, మెడ మారుతుంది. అవతల ఉన్నవాడికి వినబడిందో లేదో అని ఒక్క క్షణం ఆగుతారు చూశారా, ఆ ఆగడమే నటన. ఎదుటివాడి కోసం ఆగడం, వినడం.

వినడం నేర్పడానికి నాకు బుర్రకథ కంటే మంచి సాధనం దొరకలేదు. గుంటూరు జిల్లా పొన్నెకల్లులో పుట్టిన షేక్ నాజర్‌గారు దాన్ని ఎంత ఎత్తుకి తీసుకెళ్ళారో ఇక్కడ పెద్దలకి తెలుసు. కథకుడికి ఇద్దరు వంతలు. ఒకరు హాస్యం, ఒకరు రాజకీయం. కథకుడి మాట ఎక్కడ ఆగుతుందో వంతలకి తెలియకపోతే కథ అక్కడే పడిపోతుంది. అడుగు వేస్తూ, ఆడుతూ, పాడుతూ, వింటూ ఉండాలి. దమ్మూ చెవీ రెండూ ఒకేసారి తయారవుతాయి.

ఇక వయసుల సంగతి.

చిన్నపిల్లలకి పేజీలకి పేజీలు బట్టీ పట్టించకండి. మన బాలల నాటికల్లో నాకు నచ్చనిది ఇదే. పెద్దవాళ్ళ ఉపదేశం తీసుకొచ్చి పిల్లల నోట్లో పెడతాం. పర్యావరణం గురించి ఎనిమిదేళ్ళ పిల్ల పంచాయతీ ప్రెసిడెంటులా మాట్లాడుతుంది. రేడియో అన్నయ్య న్యాయపతి రాఘవరావుగారు, అక్కయ్య కామేశ్వరిగారు పిల్లల్ని పిల్లల్లాగే మాట్లాడనిచ్చారు, అందుకే ఆ గొంతులు ఇంటింటికీ ప్రియమయ్యాయి. పిల్లలకి ఆట ఇవ్వండి. ఒత్తులు, ళకార ణకారాలు ఆ ఆటలోనే పలికించండి.

పన్నెండు నుంచి పదిహేనేళ్ళ మగపిల్లల దగ్గర మాత్రం జాగ్రత్త కావాలి. చిన్నపిల్లల స్వరతంత్రులు మామూలు మాటలో సెకనుకి 250 నుంచి 300 సార్లు అదురుతాయి. పెద్ద మగవాడివి 100, 130 మధ్య. ఆ తగ్గుదల కొన్ని నెలల్లో జరుగుతుంది. గొంతు చీలుతుంది, ఒక మాటలోనే రెండు గొంతులు వస్తాయి, క్లాసులో అందరూ నవ్వుతారు, పిల్లవాడు మాట్లాడటమే మానేస్తాడు. ఆ వయసులో పై శ్రుతిలో పద్యం పాడించకండి. హార్మోనియం శ్రుతి దించండి. మూకాభినయం చేయించండి, తక్కువ మాటలున్న వేషం ఇవ్వండి, కానీ తరగతి నుంచి మాత్రం పంపేయకండి. ఆడపిల్లల గొంతు కూడా మారుతుంది, మార్పు తక్కువ కాబట్టి మనం గమనించం. వాళ్ళ విషయంలో నా బాధ వేరు. పదో తరగతి రాగానే ఇక చాలమ్మా అని తల్లిదండ్రులు మాన్పించేస్తారు. ఆడవాళ్ళు రంగం ఎక్కని రోజుల్లో మగవాళ్ళు స్త్రీ వేషాలు వేశారు. రాఘవగారిలాంటి వాళ్ళు పట్టుబట్టి చదువుకున్న స్త్రీలని రంగం మీదికి తెచ్చారు. అంత కష్టపడి తెరిచిన తలుపు ఇంట్లోవాళ్ళే మూయడం నేను చూడలేను.

పెద్దవాళ్ళలో టీచర్లు, కండక్టర్లు, సంతలో అమ్మేవాళ్ళు, దుగ్గిరాల యార్డులో పసుపు దుమ్ములో పనిచేసేవాళ్ళు, రోజంతా గొంతు వాడతారు, ఎవరూ దాని గురించి చెప్పరు. మాటిమాటికీ గొంతు సవరించుకోవడం మానండి, అది తంత్రుల్ని రాపిడి పెడుతుంది. దాని బదులు ఒక గుక్క నీళ్ళు తాగండి. పొద్దున్నే పెదవులు మూసి కాసేపు మెల్లగా ‘మ్‌మ్’ అనండి. బొంగురు మూడు వారాలు దాటితే మిరియాల కషాయంతో సరిపెట్టకుండా గొంతు డాక్టరుకి చూపించండి. నాటకం ఆడకపోయినా ఈ మాత్రం అందరికీ తెలియాలి.

అరవై దాటినవాళ్ళని చేర్చుకోవడానికి చాలామంది గురువులు వెనకాడతారు. ఊపిరి తగ్గుతుంది, తంత్రులు పలచబడతాయి, గొంతు వణుకుతుంది, డైలాగు మరిచిపోతారు. అన్నీ నిజమే. నా తరగతికి ఒక పెద్దావిడ వచ్చేది. ఏం చెప్పమన్నా నేల చూస్తూ, పుస్తకం చదివినట్టు చెప్పేది. ఒక సాయంత్రం మనవడి వేషం వేస్తున్న పిల్లవాణ్ణి ఆవిడ ఎదురుగా నిలబెట్టి, చిరిగిన చొక్కా వెనక్కి దాచుకోమన్నాను. ఆవిడకి ముందుగా ఏమీ చెప్పలేదు. ‘ఏందిరా అది? ఇటు తిరుగు’ అంది. తల ఎత్తింది. గొంతులో వణుకు అట్లాగే ఉంది, కానీ ఆ వణుకు ఇప్పుడు నాయనమ్మది. పిల్లవాడు నిజంగానే ఒక అడుగు వెనక్కి వేశాడు. ఆ వయసువాళ్ళు మాట మరిచిపోతే వెంటనే ప్రాంప్టింగ్ ఇవ్వకండి. వెతుక్కోనివ్వండి. చిన్న వాక్యాలు ఇవ్వండి, నిలబడటానికి ఆసరా ఇవ్వండి.

అందుకే వయసుల వారీగా తరగతులు విడగొట్టడం నాకు ఇష్టం లేదు. గొంతు కసరత్తు వేరుగా చేయించినా, నాటకం మాత్రం కలిపే నేర్పాలి. లోహితాస్యుడి వయసువాళ్ళంతా ఒక గదిలో, నక్షత్రకుడి వయసువాళ్ళంతా ఇంకో గదిలో ఉంటే హరిశ్చంద్ర ఎవరు ఆడతారు?

మీ ఊళ్ళో ఇది మొదలుపెట్టడానికి స్టేజి అక్కర్లేదు, కిరీటాలు అక్కర్లేదు. బడి వదిలాక ఒక గది, వారానికి రెండు సాయంత్రాలు, దొరికితే ఒక హార్మోనియం చాలు. మొదటి ఆరు నెలలు ఏ పోటీకీ వెళ్ళకండి. నేర్పేవాళ్ళు ముందు కొంతకాలం నేర్చుకోవాలి. అందుకు నేను వచ్చి కూర్చుంటాను.

ఇప్పుడు మైకు ఆపేయమని చెబుతున్నాను. చాపల మీద పిల్లల్లో ఒకరు, కుర్చీల్లోంచి ఒక అమ్మ, ఆ గోడ పక్కనున్న పెద్దాయన, ముగ్గురూ ఇటు రండి. ఇందాకటి ‘రేపు పొద్దున్నే’ వాక్యమే చెప్పాలి, ఎవరికి నచ్చిన చివర వాళ్ళు పెట్టుకోవచ్చు. వెనక గేటు దగ్గర నిలబడ్డవాళ్ళు, నాన్నగారిని రమ్మన్నారో వద్దన్నారో మీరే చెప్పాలి.