లేని జబ్బు, నిజమైన జాలి
(వార్షిక సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉర్దూ బడిలో పాఠాలు చెప్పుకునేవాళ్ళం, వైద్యులం కాము. అయినా యీ విషయం మీ ముందు పెట్టక తప్పదనిపించింది.

బడి ఎగ్గొట్టాలనుకున్న పిల్లవాడు కడుపునొప్పి అంటాడు. సెలవు దొరగ్గానే నొప్పి మాయం! అతని లాభం మనకు తెలుస్తూనే వుంది. కాని పైసా లాభం లేకపోయినా, పదిమంది చుట్టూ చేరి ‘అయ్యో’ అంటే చాలునని రోగం నటించే పెద్దలు కూడా వున్నారు. 1951లో రిచర్డ్ ఆషర్ అనే ఇంగ్లీషు వైద్యుడు ‘లాన్సెట్’ పత్రికలో ఇలాంటివారిని గురించి రాశాడు. కోతలకు పేరుమోసిన మంచాసెన్ అనే జర్మను దొర పేరే ఆ స్థితికి పెట్టాడు.

ఆ రోజుల్లో డాక్టరును నమ్మించాలంటే ఆసుపత్రికి వెళ్ళాలి. ఇంటర్నెట్టు వచ్చాక ఆ శ్రమ కూడా తప్పింది. ఒకే జబ్బుతో బాధపడేవాళ్ళు దూరదూరాల నుంచి ఒకరికొకరు ధైర్యం చెప్పుకునే బృందాలు ఏర్పడ్డాయి. మంచి పనే. కాని అక్కడ నాడి పట్టి చూసేవారెవరు? 2000లో మార్క్ ఫెల్డ్‌మన్ అనే అమెరికా మానసిక వైద్యుడు దీనికి ‘ఇంటర్నెట్ మంచాసెన్’ అని పేరు పెట్టాడు.

2001లో అమెరికాలో రక్త క్యాన్సరుతో పోరాడుతున్న కేసీ నికోల్ అనే అమ్మాయి చనిపోయిందని విని, ఆమె రాతలు చదివినవారెందరో ఏడ్చారు. తీరా చూస్తే అలాంటి అమ్మాయే లేదు. రాసినదంతా ఒక గృహిణి. ఆస్ట్రేలియాలో బెల్ గిబ్సన్ అనే ఆవిడ తనకు మెదడులో క్యాన్సరనీ, తిండి మార్చి నయం చేసుకుంటున్నాననీ ప్రచారం చేసి పుస్తకం అమ్ముకుంది. 2015లో అదంతా అబద్ధమని ఒప్పుకుంది. అమ్మకాల డబ్బు ధర్మకార్యాలకు ఇస్తానని చెప్పి జనాన్ని మోసగించినందుకు 2017లో కోర్టు 4,10,000 ఆస్ట్రేలియన్ డాలర్ల జరిమానా వేసింది.

ఫెల్డ్‌మన్ కొన్ని గుర్తులు చెప్పాడు. జబ్బు వర్ణన వైద్యపుస్తకం నుంచి దించినట్లుంటుంది. నిన్న ప్రాణం మీదికి వస్తుంది, నేడు అద్భుతంగా కోలుకుంటారు. అందరి దృష్టి ఇంకొకరి మీదకు మళ్ళగానే మళ్ళీ ప్రమాదం! ఫోనులో మాట్లాడదామంటే ససేమిరా అంటారు.

అయితే ఒక్క మాట. ఒక గుర్తు కనబడగానే దొంగ అని వేలు చూపించకూడదు. నిజమైన రోగి కూడా సిగ్గుపడి ఫోను తీయకపోవచ్చు. నటించేవాడిలో కూడా ఏదో వెలితి వుంటుంది. అతనికి కూడా వైద్యం కావాలి. అసలు నష్టం డబ్బు కాదండీ. ఒకసారి మోసపోయిన మనసు రేపు నిజంగా బాధపడే తల్లి ముందు కూడా గట్టిపడుతుంది. ఒకడు చేసిన మోసానికి ఆమె శిక్ష అనుభవించాలా?

కాబట్టి ఓదార్పు మాట అడిగినవారికి వెంటనే ఇవ్వండి, దానికి రుజువు అక్కర్లేదు. డబ్బు మాత్రం విచారించి, వీలైతే ఆసుపత్రి బిల్లుకే నేరుగా కట్టండి. ఎవరో రాసిన మందు మాట విని డాక్టరు మందు మానకండి. జాలి మానవద్దు, జాగ్రత్త విడవవద్దు అని మనవి చేస్తూ సెలవు తీసుకుంటున్నాము.