మనకు వైద్యం చేసేవాళ్లూ నేర్చుకుంటూనే ఉండాలె



ప్రతిసారి పొదుపు, బ్యాంకు లింకేజీ, కిస్తీల గురించే మాట్లాడుకుంటం. ఈసారి మా సంఘాల తరఫున వైద్యం గురించి చెప్పాలనుకున్నాం. మన అప్పుల పుస్తకంలో అప్పు ఎందుకు తీసుకున్నారో రాసే గడి చూడండి, 'దవాఖాన ఖర్చు' అని ఎన్నిసార్లు ఉంటదో.

మన రాజేంద్రనగర్‌లో కాటేదాన్ కంపెనీలకు, శంషాబాద్ ఎయిర్‌పోర్టు కాంట్రాక్టు పనులకు పోయేవాళ్లం చాలామందిమి. ఇంటికి వచ్చేసరికి చీకటి పడుతది, బస్తీ దవాఖాన మూసి ఉంటది. గల్లీ చివర ఆర్‌ఎంపీ డాక్టర్ మాత్రం ఉంటడు. పైసలు లేకుంటే రేపు ఇమ్మంటడు. చట్టం ప్రకారం ఆయన ప్రథమ చికిత్స దాటొద్దు. కానీ జ్వరమొచ్చిన పిల్లను ముందు చూసేది ఆయనే, ఇది మనందరికీ తెలిసిందే. ఎప్పుడో ఒక డాక్టర్ దగ్గర కాంపౌండర్‌గా నేర్చుకున్న వైద్యమే ఇప్పటికీ చేస్తుంటడు.

ఈలోపల వైద్యం మారింది. పిల్లల విరేచనాలే తీసుకోండి. 2002లో ప్రపంచ ఆరోగ్య సంస్థ, యూనిసెఫ్ ఓఆర్‌ఎస్ పొడిలో ఉప్పు, గ్లూకోజ్ పాళ్లు తగ్గించాయి. 2004లో దానితోపాటు జింక్ కూడా ఇవ్వమన్నాయి. ఆరు నెలలు దాటిన పిల్లలకు రోజుకు 20 మిల్లీగ్రాములు, 10 నుంచి 14 రోజులు ఇవ్వాలె. విరేచనాలు తగ్గినా మధ్యలో ఆపొద్దు. ఈ సంగతి చేరని చోట ఇంకా సూది, గ్లూకోజ్ బాటిలే నడుస్తున్నయి.

ఎంబీబీఎస్ డాక్టర్లకు ఒక నియమం ఉంది. ఐదేండ్లలో కనీసం 30 గంటలు కొత్త సంగతులు నేర్చుకునే సమావేశాలకు పోవాలని 2002 నాటి మెడికల్ కౌన్సిల్ నియమావళి చెప్తుంది. మన ఆశ అక్కలు శిక్షణలో నేర్చుకుని, ఇంటింటికి తిరుగుతూ ఇంకా నేర్చుకుంటున్నారు. దవాఖానలో కాన్పు అయితే 3, 7, 14, 21, 28, 42వ రోజుల్లో వచ్చి బిడ్డను చూసే పద్ధతి వాళ్లదే. దానికి దారి చూపింది మహారాష్ట్రలోని గడ్చిరోలిలో డాక్టర్ అభయ్ బంగ్, డాక్టర్ రాణి బంగ్ దంపతులు. పల్లె ఆడవాళ్లకు నేర్పించి పసిపిల్లల చావులు తగ్గించారు.

మరి ఆర్‌ఎంపీలకు నేర్పితే ఏమైతది? పశ్చిమ బెంగాల్‌లోని బీర్భూమ్ జిల్లాలో లివర్ ఫౌండేషన్ ఆ పని చేసింది. తొమ్మిది నెలల్లో 150 గంటల పాఠాలు. తర్వాత పరిశోధకులు రోగుల లెక్క నటించేవాళ్లను వాళ్ల దగ్గరికి పంపి చూశారు. ఫలితం 2016లో సైన్స్ పత్రికలో వచ్చింది. సరైన వైద్యం చేయడం పెరిగింది. అవసరం లేని మందులు ఇవ్వడం మాత్రం తగ్గలేదు.

ఇది విని మేం చాలాసేపు మాట్లాడుకున్నాం. మాకు తోచింది చెప్తున్నాం. ఆయనకు నాలుగు పైసలు మిగిలేది మందుల మీదనే. అదీగాక, సూది వెయ్యకుంటే 'ఏం డాక్టర్' అని మనమే పక్క గల్లీకి పోతం. పాఠం ఆయనకు ఒక్కడికే చెప్తే సగం పనే అయితది.

అందుకే రెండు పనులు అనుకున్నాం. మన ఆరోగ్య కేంద్రం డాక్టర్ గారికి సమాఖ్య తరఫున దరఖాస్తు ఇస్తం. నెలకు ఒక సాయంత్రం బస్తీలోనే ఆర్‌ఎంపీలను కూర్చోబెట్టి ఓఆర్‌ఎస్, జింక్ గురించి, ఏ లక్షణం కనబడితే ఆలస్యం చేయకుండా పెద్ద దవాఖానకు పంపాలో చెప్పమని అడుగుతం. ఇంకొకటి, ప్రతి సంఘం మీటింగ్‌లో ఆశ అక్కకు పావుగంట ఇవ్వాలె. కిస్తీలు కట్టినంక కాదు, ముందే. కట్టినంక ఎవరూ కూర్చోరని మనకు తెలుసు కదా!

మొదటి నెల ఓఆర్‌ఎస్ కలపడం. పెద్ద ప్యాకెట్ మొత్తం ఒకేసారి లీటర్ నీళ్లలో కలపాలె, గ్లాసులో చెంచాడు చెంచాడు కాదు. కలిపినవి 24 గంటలు దాటితే పారబోయాలె. మీటింగ్‌కు వచ్చేటప్పుడు అందరూ ఇంట్లో ఉన్న లీటర్ సీసా ఒకటి తెచ్చుకోండి.