తండ్రిగారి కెమేరా
(సమావేశమున చేసిన ప్రసంగము)



బదిలీలన్నిటిని తట్టుకొని మిగిలిన పాత కెమేరా యొకటి మనలో కొందఱి యిండ్లనైన నుండును. నాకు సంక్రమించినది మా తండ్రిగారి అగ్ఫా ఐసొలెట్. 120 ఫిలిముపై పండ్రెండు చదరపు బొమ్మలు తీయు మడత కెమేరా.

ఇట్టిదానిని బాగుచేయబూనువారు తొందరపడి వెనుకమూత తెరువరాదు. వీపుననున్న ఎఱ్ఱకిటికీలో అంకె కనబడినచో లోపల ఫిలిము గలదన్నమాట. దానిని చివరివఱకు చుట్టిన పిదపనే, నీడపట్టున తెరువవలెను. మా దానిలో 7 కనబడెను. ఆ ఆఱో యేడో బొమ్మలముందు తక్కిన మరమ్మతంతయు నాకు స్వల్పము.

ముందు కటకపు మరలలోని కొవ్వు ఏండ్లు గడచి జిగురై బిగిసియుండెను. బలిమిని త్రిప్పినచో దాని వెనుక కటకముకూడ కదలి, దూరపు కొలత చెడును. కావున నాఫ్తా చుక్కలు వేసి, నిప్పుకు దూరముగ, దినములకొలది నాననిచ్చితిని. షట్టరు రెక్కలకు మాత్రము నూనె తగులనీయరాదు. కుట్టుమిషను నూనెతో సర్వరోగములు కుదురునని నమ్మువారు మనలో లేకపోలేదు! మడతల తిత్తిలో టార్చిదీపముంచి చీకటిగదిలో చూడగా మూలలందు చుక్కలవలె చిల్లులు మెఱసినవి, తిత్తినే మార్పింపవలసివచ్చెను.

బయటికి తీసిన ఫిలిముచుట్టపై ‘ఇందు’ అను పేరున్నది. 1960లో ఉదకమండలమున నెలకొల్పబడి, నేడు మూతపడిన ప్రభుత్వరంగ సంస్థ హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ వారిదది. నలుపుతెలుపు ఫిలిము గనుక, తిత్తి చిల్లులు చెఱుపకున్నచో, బొమ్మలు మిగిలియుండవచ్చును. పాత ఫిలిము కడుగుటలో చేయితిరిగినవారిని సభ్యులెవరైన ఎఱిగినచో సభానంతరము నాకు దెలుపగోరుచున్నాను.