నోట బిడ్డలను మోయు చేప
(సభలో చేసిన ప్రసంగపు పాఠము)



కృష్ణగిరి జలాశయమున దొరకు జిలేబి చేపను ఎఱుగనివారు మనలో అరుదు. సంతలో బేరమాడి కొనుచున్నాము, వేయించుకొని తినుచున్నాము. కాని అది తన సంతానమును కాపాడుకొను తీరు అనేకులకు తెలియదు. ఆ సంగతియే నేడు మనవి చేయదలచినాము.

బొచ్చె, శీలావతి వంటి చేపలు వరదనీటిలో లక్షలకొలది గ్రుడ్లు విడిచి తమ దారిని తాము పోవును. ఆ గ్రుడ్లలో అధికభాగము ఇతర జలచరముల పాలగును. జిలేబి మార్గము వేఱు. మగచేప లోతులేని నీటి అడుగున మట్టి తొలచి పళ్లెమువంటి గుంట చేయును. ఆడుచేప అందు కొన్ని వందల గ్రుడ్లు మాత్రమే పెట్టి, వెంటనే వానిని నోటిలోనికి తీసికొనును. కొలది దినములలో గ్రుడ్లు పగులును. పిల్లలు చక్కగా ఈదనేర్చు వఱకు, ఇంచుమించు రెండు వారములు, తల్లి నోరే వానికి ఇల్లు. అన్నాళ్లును తల్లి దాదాపు పస్తుండును. పిల్లలు వెలుపలికి వచ్చిన పిదపను, అపాయము తోచినచో మరల ఆ నోటిలోనే దూరును.

సముద్రపు జెల్లలలో ఈ భారము తండ్రిది. గోలీకాయలంతటి గ్రుడ్లను వారములకొలది నోట నుంచుకొని అదియు ఉపవాసముండును.

ఈ వాత్సల్యము మెచ్చదగినదే. కాని ఇందొక చిక్కు కలదు. జిలేబి మన నీటి చేప కాదు, ఆఫ్రికా ఆగ్నేయభాగపు నదులది. ప్రజలకు చౌకగా చేప లభింపవలెనని 1952లో మన దేశమునకు తెచ్చిరి. అది ఏడాదిలో పలుమార్లు గ్రుడ్లు పెట్టును. పిల్లలలో పెక్కు బ్రతుకును. అందుచే చెఱువు త్వరగా నిండిపోవును; మేత చాలక చేపలు గిడసబాఱును; మన చేపలకు చోటు తగ్గును. 1959లో భారత మత్స్యపరిశోధక సంఘము దాని వ్యాప్తిని నిషేధించినది. అప్పటికే అది అనేక జలాశయములలో కుదురుకొన్నది.

తప్పు చేపది కాదు. తెచ్చి వదలిన చేతులది. కావున హోసూరు, కృష్ణగిరి ప్రాంతములందు చెఱువులు, బావులు గల సోదరులకు మా విన్నపము ఒక్కటే. జలాశయమున పట్టిన జిలేబిని ఇంటికి కొనిపొండు, వండుకొనుడు. ప్రాణముతో మాత్రము మీ నీటిలో వదలకుడు. ఒక్కటే గదా యని తలంపవలదు. నోరు నిండిన తల్లి ఒక్కటి చాలును, చెఱువంతయు దాని సంతతితో నిండుటకు.