పాట వెనక మనిషి, మనిషి వెనక భూమి

(మానుకోటలో ఆదివాసీ యువత సమావేశంలో మాట్లాడిన మాటలు)

 

మొన్న ఒక పెళ్లి బరాత్‌ల డీజే మీద ‘కొమురం భీముడో’ పెట్టిండ్రు. మన పిల్లలంతా పిడికిలెత్తి ఎగిరిండ్రు. నేనూ ఎగిరిన. అలసి కూసున్నంక ఒక తమ్ముణ్ణి అడిగిన, భీం ఎవరితో కొట్లాడిండురా అని. ‘బ్రిటిషోళ్లతో అన్నా’ అన్నడు.

తప్పు వాడిది కాదు. సినిమాల చూసింది అదే. అసలు భీం కొట్లాడింది నిజాం సర్కారుతోని. జోడేఘాట్ చుట్టూ ఉన్న పన్నెండు గూడేల భూమి కోసం, అడవి కోసం. 1940లో అక్కడనే తూటాలకు ఒరిగిండు. ఇంకో ముచ్చట. ఆ పాట రాసిన సుద్దాల అశోక్‌తేజ తండ్రి సుద్దాల హనుమంతు. తండ్రి ఏ నిజాం మీద పాటలు కట్టిండో, భీం కొట్లాడింది ఆ నిజాంతోనే. సినిమా ఈ సంగతి చెప్పదు.

‘బండెనక బండి కట్టి’ గద్దరన్న రాసిండనుకుంటరు చానామంది. ‘మా భూమి’ సినిమాల ఆయన పాడిండు కాబట్టి. కట్టింది మాత్రం సాయుధ పోరాట కాలపు బండి యాదగిరి. ఆ పోరాటం రగిలింది మన పక్కనున్న జనగామ ప్రాంతంలనే. 1946 జులై 4న కడవెండిల విసునూరు దేశ్‌ముఖ్ మనుషుల కాల్పుల్లో దొడ్డి కొమురయ్య చనిపోయిండు. ఆ పాట వెనక ఉన్నదీ భూమే.

మరి మన పాటలు? సమ్మక్క-సారలమ్మ కథను డోలి కొట్టుకుంట చెప్పిన సకిని రామచంద్రయ్య తాతకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన పోయిండు. అట్లాంటి పెద్దలు ప్రతి గూడెంల ఒకరిద్దరు మిగిలిండ్రు. అంతే.

మా నాయన పోడు పట్టాకు దరఖాస్తు పెడితే, ‘పాత కాగితం ఏముంది?’ అని అడిగిండ్రు. కాగితం లేదు. మా నాయనమ్మ దగ్గర పాట ఉండె. అందుల వాళ్ల మామ కొట్టిన పోడు, పక్కన వాగు, ఇప్పచెట్టు కింద వేల్పు గద్దె, అన్నీ పేర్లతో సహా వచ్చేటివి. మేం రాసుకోలే. ఇప్పుడు ఆమె లేదు.

తర్వాత చదివితే తెలిసింది. 2006 అటవీ హక్కుల చట్టం కింద 2008లో వచ్చిన నియమాలల్ల 13వది చూడుండ్రి. పెద్దమనుషులు చెప్పిన మాట రాసిపెడితే సాక్ష్యమే. వంశవృక్షం, పాత బావి, సమాధులు, దేవుని జాగ కూడా సాక్ష్యాలే. ఒక్కటి సాలదు, ఒకటి కన్నా ఎక్కువ పెట్టాలె. పాట తనంతట తాను సాక్ష్యం కాకపోవచ్చు. కానీ ఆ సాక్ష్యాలు ఏడున్నయో తొవ్వ చూపిస్తది.

అందుకే ఒక్కటే అడుగుతున్న. కొత్తగూడ, గంగారం, మహాముత్తారం, మీది ఏ మండలమైనా సరే, ఈ ఆదివారం ఫోన్ పట్టుకొని మీ గూడెంల పెద్దవ్వ దగ్గర కూసోండ్రి. పాడించుండ్రి. పాట అయినంక అడగుండ్రి: ఈ వాగు ఏది? ఈ చెల్క ఎవరిది? ఈ పాట నీకు ఎవరు నేర్పిండ్రు? కోయ మాటను కోయ మాటగనే రాయుండ్రి. అవ్వ పేరు, తారీఖు వేసి అటవీ హక్కుల కమిటీ ముందు పెట్టుండ్రి.

డీజే పాట రేపు కూడా ఉంటది. అవ్వ ఉంటదో లేదో.

జల్, జంగల్, జమీన్. జై ఆదివాసీ!