కీళ్లవాతం: మారిన వైద్యం, మారవలసిన మనం



నేను డాక్టరును కాను, బడిలో పాఠాలు చెప్పే మనిషిని. మందులు రాయడం నా పని కాదు. రుమటాయిడ్ ఆర్థరైటిస్ అనే కీళ్లవాతం గురించి తెలుసుకున్న నాలుగు మాటలను పాఠంలా మీ ముందు పెడతాను.

వయసు మీద పడి మోకాళ్లు అరగడం వేరు, ఈ జబ్బు వేరు. ఇందులో మన ఒంటిని కాపాడవలసిన రోగనిరోధక వ్యవస్థే కీలు లోపలి పొర మీద దాడి చేస్తుంది. ఆ పొర వాచి, క్రమంగా మృదులాస్థిని, ఎముకను తినేస్తుంది. మగవారికంటే ఆడవారిలో ఇది రెండు మూడు రెట్లు ఎక్కువ. రెండు చేతుల వేళ్ల కణుపులు, మణికట్లు ఒకేలా వాస్తాయి. పొద్దున లేచాక అరగంటకు పైగా, ఒక్కోసారి గంట దాటినా, వేళ్లు బిగుసుకునే ఉంటాయి. వజూకు కుళాయి తిప్పలేక, రొట్టెల పిండి పిసకలేక అవస్థపడుతూ కూడా మన ఇళ్లలో ఆడవాళ్లు నోరు విప్పరు. నెలలు గడిచిపోతాయి. ఒకసారి వంకరపోయిన వేళ్లను ఏ మందూ మునుపటిలా చేయలేదు. అందుకే తొలి నెలలు ఎంతో విలువైనవి.

1929లో ఫ్రాన్సులో ఫారెస్టియర్ అనే వైద్యుడు బంగారు లవణాల ఇంజెక్షన్లతో ఈ జబ్బుకు చికిత్స చేశాడు. 1948లో అమెరికాలోని మేయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చినప్పుడు మంచం పట్టినవారు లేచి నడిచారు. 1950లో ఆయనకు, మరో ఇద్దరికి నోబెల్ బహుమతి వచ్చింది. అయితే ఎక్కువ మోతాదులో ఎక్కువ కాలం వాడితే ఎముకలు గుల్లబారడం, షుగరు పెరగడం వంటి కీడు ఉందని త్వరలోనే తేలింది.

ఈనాటికీ వైద్యానికి మూలస్తంభం మెథోట్రెక్సేట్ అనే మాత్ర. దీని వెనుక మన తెలుగువాడి కృషి ఉంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికాలోని లెడర్లీ ప్రయోగశాలలో తన బృందంతో ఫోలిక్ ఆమ్లం మీద, దానికి వ్యతిరేకంగా పనిచేసే మందుల మీద పరిశోధన చేశారు. ఆ పరిశోధన ఫలమే ఈ మాత్ర. మొదట దీన్ని క్యాన్సరుకు వాడారు. కీళ్లవాతానికి వాడేందుకు అమెరికాలో 1988లో అనుమతి వచ్చింది. ‘ఇది క్యాన్సరు మందట’ అని భయపడి మానేసేవారున్నారు. కీళ్లవాతానికి ఇచ్చే మోతాదు చాలా తక్కువ. గుణం కనిపించడానికి ఆరు నుంచి పన్నెండు వారాలు పట్టవచ్చు, ఓపిక పట్టాలి.

ఒక్క మాట మాత్రం గట్టిగా గుర్తుంచుకోండి. కీళ్లవాతానికి ఇది వారానికి ఒక్కసారి వేసుకునే మందు. పొరపాటున రోజూ వేసుకుంటే ప్రాణానికే ముప్పు. చదువురాని అమ్మ ఉన్న ఇంట్లో పిల్లలు క్యాలెండరులో ఆ వారానికి ఎర్ర గుర్తు పెట్టాలి. గర్భవతులు, గర్భం కోరుకునేవారు దీన్ని వాడకూడదు. అప్పుడప్పుడు రక్తపరీక్షలు తప్పనిసరి. రంజాన్‌లో మందులు తమంతట తాము మానేసేవారు, ఏ మందు ఏ పూటకు మార్చుకోవచ్చో నెలకు ముందే డాక్టరును అడగాలి.

ఈ మాత్రలతో అదుపు కానివారికి బయోలాజిక్ ఇంజెక్షన్లు వచ్చాయి. వాపును రగిలించే టి.ఎన్.ఎఫ్. అనే పదార్థాన్ని అడ్డుకుంటే జబ్బు అణుగుతుందని లండన్‌లో రవీందర్ మైనీ, మార్క్ ఫెల్డ్‌మన్ చూపారు. మైనీ పుట్టింది మన దేశంలోని లూధియానాలోనే. 1998లో ఎటానర్‌సెప్ట్, 2002లో అడాలిముమాబ్ అమెరికాలో అనుమతి పొందాయి. 2014 చివరలో అడాలిముమాబ్‌కు సమానమైన మందు మన దేశంలోనే తయారై తక్కువ ధరకు వచ్చింది. అయినా పేదవాడికి అది ఇంకా భారమే. ఈ ఇంజెక్షన్లకు ముందు క్షయ పరీక్ష తప్పనిసరి. లోపల అణిగి ఉన్న క్షయ మళ్లీ లేవవచ్చు. 2012లో టోఫాసిటినిబ్ అనే మాత్ర వచ్చింది. గుండెజబ్బు, రక్తం గడ్డకట్టడం, క్యాన్సరు వంటి ప్రమాదాల గురించి 2021లో అమెరికా అధికారులు ఈ తరహా మాత్రలపై హెచ్చరిక కట్టుదిట్టం చేశారు. కొత్తది కాబట్టి అందరికీ మంచిదని అనుకోకూడదు.

మనల్ని నిజంగా దెబ్బతీస్తున్నవి పేరులేని పొడులు. ‘మూడు రోజుల్లో నొప్పి మాయం’ అని అమ్మే పొట్లాల్లో కొన్నిటిలో స్టెరాయిడ్ కలిపి ఉంటుంది. నొప్పి తగ్గుతుంది, లోపల కీలు మాత్రం పాడవుతూనే ఉంటుంది. ఇప్పటికే అలాంటివి వాడుతున్నవారు ఒక్కసారిగా ఆపకుండా డాక్టరుకు చూపించి, ఆయన చెప్పినట్టు మెల్లగా తగ్గించుకోవాలి.

సంఘం పెద్దలకు నా మనవి ఒక్కటే. సాయం కోరి వచ్చే కీళ్లవాత రోగికి నొప్పి మాత్రల డబ్బు ఇచ్చి పంపవద్దు. హైదరాబాదు నిమ్స్‌లో కీళ్లవాతానికి ప్రత్యేక విభాగం ఉంది. అలాంటి చోటికి వెళ్లడానికి బస్సు చార్జీ, రక్తపరీక్షల ఖర్చు, వెంట వెళ్లే ఒక మనిషి, ఈ మూడూ సమకూర్చండి. కుట్టుమిషను మీద ఇల్లు నెట్టుకొచ్చే ఆడమనిషి వేళ్లు నిలబడితే ఆ ఇంట్లో పిల్లల చదువు నిలబడుతుంది. అమ్మ చేతులు పడిపోయినప్పుడు మొదట బడి మానేది ఆడపిల్లే. హాజరుపట్టీ పిలిచే మాకు ఆ సంగతి తెలుసు.