శిలలైన సముద్రపు ముండ్లబంతులు



సాలగ్రామమును చేతబట్టినప్పుడు మన పెద్దలు చూచునది దాని నునుపు కాదు. చక్రము లెన్ని, ద్వార మెక్కడ అని చూతురు. ఆ గుర్తులను బట్టియే ఇది లక్ష్మీనారాయణము, ఇది దామోదరము అని నిర్ణయింతురు. గండకీనదిలో దొరకు నా శిలలు మిక్కిలి పూర్వకాలమున సముద్రమున జీవించిన గుల్లప్రాణుల యవశేషములని భూగర్భ శాస్త్రజ్ఞుల నిర్ణయము. అట్టిదే మరియొక ప్రాణిని గూర్చి నేడు మనవి చేసెదను.

సముద్రములో ఒడలెల్ల ముండ్లతో బంతివలె నుండు జంతువొకటి కలదు. ఇంగ్లీషువారు దానిని సీ అర్చిన్ అందురు. మనము ముండ్లబంతి యందము. అది చచ్చిన పిమ్మట ముండ్లు రాలిపోవును, సున్నపు పెంకు మిగులును. తమిళదేశమున అరియలూరు ప్రాంతపు రాళ్లలో ఆరున్నరకోట్ల యేండ్లకు పూర్వపు పెంకులు శిలలై యున్నవి. ఫెర్డినాండ్ స్టోలిచ్కా యను పండితుడు వానిని 1873లో వర్ణించి ప్రకటించెను.

ముండ్లు లేని పెంకునకు కులనిర్ణయ మెట్లు? పెంకుపై అడుగునుండి శిఖరమువరకు సన్నని రంధ్రములు గల బద్దలు అయిదు. వాని నడుమ వేరు బద్దలు అయిదు. రంధ్రములగుండ మెత్తని గొట్టపుపాదములు వెలికి వచ్చెడివి. నోరు అడుగున నుండును. మలద్వారము శిఖరమున నున్నవానిని సమరూపములనియు, అది వెనుకకు జరిగినవానిని విషమరూపములనియు పూర్వులు రెండుగా విభజించిరి. విషమరూపములలో పెక్కు ఇసుకలో దూరి బ్రదుకునవి.

ఈ విభాగము సులభమే గాని, దీనిలో నొక చిక్కు గలదు. మలద్వారము శిఖరమున నుండుట ఆదినుండి వచ్చిన లక్షణము. తాతలనాటి ఆచారమును నిలుపుకొన్నంత మాత్రమున ఇరువురు అన్నదమ్ములగుదురా? వేరుపడిన శాఖలో క్రొత్తగా పుట్టిన గుర్తే దాయాదిత్వమునకు సాక్ష్యము. కనుక విషమరూపములు ఒక్క వంశమే. సమరూపములన్నియు నొక్క వంశము కావు.

అందుచేత లోపలికి చూడవలెను. ఈ జంతువునకు అయిదు పండ్లుగల దవుడయంత్రము కలదు. దానికి అరిస్టాటిల్ లాంతరు అని పేరు. శిలలలో నది దొరకుట అరుదు. అయినను తలుపు పోయిన పిమ్మట అది తిరిగిన గుంట గడపలో మిగులును గదా! అట్లే దవుడ కండరములు అంటుకొన్న చెవులవంటి యెత్తులు పెంకు లోపల, నోటి యంచున మిగిలియుండును. సిడారిస్ కులమున నవి రంధ్రములు లేని బద్దలపై లేచును; తక్కిన సమరూపములలో పెక్కింట రంధ్రపుబద్దలపై లేచును. పై రూపమెంత పోలినను ఈ యొక్క గుర్తు కులమును తెలుపును. నా మట్టునకు, కొలతలన్నిటికంటె దీనినే నమ్ముదును.

ఒక్క కులములోనే జాతులను విడదీయుట యింకను కష్టము. ఇంగ్లండు సుద్దకొండలలో మైక్రాస్టర్ అను హృదయాకారపు ముండ్లబంతి కలదు. మార్గేట్ పట్టణపు వైద్యుడు ఆర్థర్ రో వానిని పొరపొరగా నేరి 1899లో ఫలితములను ప్రకటించెను. క్రింది పొరలవాని పైభాగపు రేకులు నునుపు. మీదికి పోయినకొలది గరుకు. నోరును క్రమముగా ముందరియంచునకు జరిగినది. రేకులను చూచియే పొరను గుర్తింపవచ్చునని ఆయన చూపెను. కాని మార్పు మెల్లమెల్లగా జరిగినది గనుక, ఒక జాతి ముగిసి వేరొకటి మొదలయ్యెనని గీత యెచ్చట గీయవలెనో పండితులలో నేటికిని ఏకాభిప్రాయము లేదు.